బళ్ళారి సీమలో పద్యసభలు, పృచ్ఛకులు

1823వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ దొర మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక వ్రాశారు. దేశీయ విద్య ఏ స్థితిలో ఉన్నదో తెలియజేయవలసిందిగా గవర్నరు సర్ థామస్ మన్రో అంతకు ముందు సంవత్సరం అన్ని జిల్లాల కలెక్టర్లనూ కోరారు. వచ్చిన సమాధానాలలో బళ్ళారి నుండి వెళ్ళిన దానికి విద్యాచరిత్ర వ్రాసేవారు నేటికీ పెద్దపీట వేస్తారు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి పెద్ద జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 6,641 మంది చదువుకొంటున్నారనీ క్యాంబెల్ లెక్క తేల్చారు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. వీటిలో ఏ ఒక్కదానికీ సర్కారు నుండి సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా ఆయన వ్రాసుకొన్నారు.

తెలుగు బడికి డెబ్బది అయిదేండ్ల పండుగ జరుపుకొంటున్న మనకు ఆ 226 అనే అంకె చూడగానే ఛాతీ పొంగుతుంది. కాని నివేదికలో తరువాతి మాట చదివితే ఆ పొంగు కొంత చల్లారుతుంది. ఈ బడులలో పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అక్షరం పొల్లుపోకుండా అప్పగిస్తారు, అయితే వాటి అర్థం చిలుకకు ఎంత తెలుసునో వారికీ అంతే తెలుసునని క్యాంబెల్ ఆక్షేపించారు. ఈ మాట అన్నది తెలుగు రాని అధికారి కాదు. 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన వ్యక్తి. కనుక తోసివేయడానికి వీలులేదు.

నేను ఉపాధ్యాయినిగా ఆ మాటతో సగమే ఏకీభవిస్తాను. అర్థం తెలియకుండా వల్లె వేయించడం లోపమే. అయితే ఆ కాలంలో పద్యానికి అర్థం తెలిసే చోటు బడి కాదు. సాయంకాలం గుడి మంటపంలో పురాణం చెప్పేచోట, పెద్దల సభలో, నలుగురు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నించుకొనే అరుగు మీద ఆ పని జరిగేది. బడిలో నోటికి వచ్చిన పద్యం అక్కడ ప్రశ్నకు లోనయ్యేది. కలెక్టరు గారు బడులను లెక్కపెట్టారు, అరుగులను లెక్కపెట్టలేదు.

పద్యసభలో ప్రశ్న అడిగేవానిని పృచ్ఛకుడు అంటారు. కవుల చరిత్రలు మనకు చాలా ఉన్నాయి. పృచ్ఛకుల చరిత్ర ఎవరూ వ్రాయలేదు. ఈ సీమలో పద్యం ఇన్ని శతాబ్దాలు నిలిచిందంటే చెప్పినవారి వల్ల ఎంతో అడిగినవారి వల్ల కూడా అంతే అని నా నమ్మకం. ఈ వ్యాసంలో ఆ దృష్టితోనే కొన్ని సంగతులు ముచ్చటిస్తాను.

బళ్ళారి నుండి వెలువడే ఏ సంచికలోనైనా హంపీ ప్రస్తావన లేకుండా పోదు. 2021లో విజయనగర జిల్లా వేరుపడిన తరువాత హంపీ మన జిల్లాలో లేదు గాని మన మాటల్లో మాత్రం ఉన్నది. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యద రచించారు. సంస్కృతంలో ఆయన రచించిన జాంబవతీ కల్యాణ నాటకం విరూపాక్షస్వామి వసంతోత్సవానికి వచ్చిన జనం ఎదుట ప్రదర్శించడానికి ఉద్దేశించినది. భువనవిజయమనే సభాభవనంలో అష్టదిగ్గజాలు కూర్చునేవారన్నది, గండపెండేరం పళ్ళెంలో పెట్టి రాయలు పోటీ పెట్టగా అల్లసాని పెద్దన లేచి ఉత్పలమాలిక చదివి గెలిచారన్నది చాటువుల ద్వారా, పెద్దల నోటి ద్వారా మనకు వచ్చిన కథలు. శాసనాలు చెప్పినవి కావు. ఆ కథలోనైనా ఒక విశేషం గమనించాలి. రాయలు ఊరికే బహుమతి ఇవ్వలేదు. సంస్కృతంలోనూ తెలుగులోనూ సమానంగా కవిత చెప్పగలవారికే అని షరతు పెట్టారు. ఆ కథలో రాజు పృచ్ఛకుడు. మన పిల్లలు వార్షికోత్సవాలలో భువనవిజయం రూపకం వేసేటప్పుడు అందరూ పెద్దన వేషమో తెనాలి రామకృష్ణుని వేషమో కావాలంటారు. రాయలుగా కిరీటం పెట్టుకొన్న అబ్బాయి మాత్రం ఆ షరతు గల మాట మరచిపోయి, బహుమతి చేతికిచ్చి కూర్చుంటాడు. ఇది నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూచాను.

రాజసభలు పోయిన తరువాత పద్యం ఎక్కడికి చేరింది? బళ్ళారిలోనైతే వకీళ్ళ ఇండ్లకు చేరింది. కచేరీలు, కంటోన్మెంటు, కళాశాల ఉన్న ఈ పట్టణంలో 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదినీ సభను స్థాపించారు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. మరుసటి సంవత్సరమే ఆయన చిత్రనళీయం రంగస్థలం ఎక్కింది. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా విషాద సారంగధరను పేర్కొంటారు. ఆంధ్ర నాటక పితామహుడని లోకం ఆయనను గౌరవించింది. హంపీకి కూతవేటు దూరంలోని కమలాపురంలో 1854లో జన్మించిన కోలాచలం శ్రీనివాసరావు గారూ ఇక్కడి వకీలే. ఆయనది సుమనోరమా సభ. ఆచార్యులు గారు పురాణ కథలను, పాటలను ఎక్కువగా ఆశ్రయిస్తే, కోలాచలం వారు చరిత్రను నాటకానికి తెచ్చారు. విజయనగర పతనాన్ని చిత్రించిన రామరాజు చరిత్రము ఆయనదే. ఆ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్రతో బళ్ళారి రాఘవ గారు పొందిన కీర్తి అందరికీ తెలిసినదే. రాఘవ గారు ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు.

ఒక్క పట్టణంలో రెండు సభలు ఉండడం చూసి కొందరు దానిని వైరంగా చెబుతారు. నాకు అది అదృష్టంగా తోస్తుంది. ఒక సభ నాటకం వేస్తే రెండవ సభవారు దానిని ఎలా తూస్తారో అన్న జంకు ఉంటుంది. ఆ నాటకాలలో పద్యాలు మెండు. పద్యనాటకం చూసే తెలుగు ప్రేక్షకుడు ఊరక కూర్చోడు. పద్యం నచ్చితే మళ్ళీ చదవమని కేక వేస్తాడు, యతి తప్పితే నొసలు చిట్లిస్తాడు. టికెట్టు కొన్న ప్రతివాడూ పృచ్ఛకుడే. ఆ రెండు సభల పద్యానికి అలాంటి చెవులు దొరికాయి.

పోటీల మాట వచ్చినప్పుడు మన పాత జిల్లాకు సంబంధించిన ఒక కథను తప్పక చెప్పాలి. అది జరిగింది మాత్రం ఇక్కడ కాదు, మద్రాసులో. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సమాజం విద్యార్థులకు ఒక కావ్యరచన పోటీ పెట్టింది. పంతొమ్మిదేండ్లయినా నిండని ఒక విద్యార్థి ఆ పోటీకి ముసలమ్మ మరణము అనే కావ్యం వ్రాసి బహుమతి గెలుచుకొన్నాడు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి గారు. కథ ఎక్కడిదని చూస్తే అది మన వెనుకటి జిల్లాలోని బుక్కరాయసముద్రానిది. అనంతపురం జిల్లా 1882లో మాత్రమే బళ్ళారి నుండి విడిపోయింది. చెరువు కట్ట తెగబోతున్నదని ఊరంతా తల్లడిల్లుతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి కోరుతూ గ్రామదేవత పలుకుతుంది. ఆ ఇల్లాలు అత్తమామలకు, భర్తకు, బిడ్డకు చెప్పవలసిన మాటలు చెప్పి, నడచి వెళ్ళి కట్టలో నిలిచిపోతుంది. ఈ వృత్తాంతం సి.పి. బ్రౌన్ దొర 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఉన్నది.

రాజులు కాదు, దేవతలు కాదు, ఒక రెడ్డివారి కోడలు కావ్యనాయిక కావడం అప్పటికి కొత్త. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్ర చెప్పేవారు ఈ చిన్న కావ్యం దగ్గర తప్పక ఆగుతారు. నాకు దీనిలో ముచ్చట గొలిపేది ఏమంటే, ఇంతటి మలుపు ఒక మహాపండితుని ఏకాంత తపస్సులో నుండి రాలేదు. కళాశాలలో ఒక సంఘం ఒక గడువు పెట్టి, ఒక బహుమతి ప్రకటించి, కుర్రవాళ్ళను వ్రాయమన్నది. అడిగేవారు ఉండబట్టే అది పుట్టింది. రెడ్డిగారు తరువాత మైసూరు మహారాజా కళాశాలకు వచ్చారు. 1912లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు అక్కడ తెలుగు పండితులుగా చేరడానికి ఆయన ప్రోత్సాహమే కారణం. కల్యాణదుర్గం ప్రాంతపు పల్లెనుండి వెళ్ళిన శర్మగారు కన్నడ దేశపు నడిబొడ్డున 1949 వరకు తెలుగు పాఠం చెప్పారు. ఒక పోటీలో వెలిగిన దీపం ఇంకొక దీపాన్ని ఎలా వెలిగించిందో చూడండి.

ప్రశ్న ఎల్లప్పుడూ మర్యాదగానే వస్తుందని లేదు. అధిక్షేపంగా కూడా వస్తుంది. నిజాం రాష్ట్రంలోని తెలంగాణంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారట. మన తుంగభద్రకు దిగువన అలంపురం ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కోపంతో జవాబు వ్రాయలేదు. ఊరూరి నుండి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ప్రశ్నకు ఇంతకంటె నిండైన పూరణం నేను ఎరుగను.

ఇక అవధానం. పద్యసభలన్నిటిలో పృచ్ఛకుని పాత్ర స్పష్టంగా కనబడేది ఇక్కడే. పూర్వం నుండి ఉన్న ఈ విద్యకు పందొమ్మిదవ శతాబ్దిలో మాడభూషి వెంకటాచార్యులు గారు ఒక రూపం కల్పించగా, తిరుపతి వెంకట కవులు సంస్థానం సంస్థానం తిరిగి జనంలోకి తెచ్చారు. ఆ జంటలోని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారిని 1949లో మద్రాసు ప్రభుత్వం ఆస్థానకవిగా గౌరవించింది. అప్పటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక ఆయన మనకూ ఆస్థానకవి అన్నమాట. కొప్పరపు సోదర కవులకూ ఈ జంటకూ నడచిన స్పర్ధ పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. రాయలసీమలో ప్రొద్దుటూరు ఈ విద్యకు పెట్టని కోట. గడియారం వేంకటశేషశాస్త్రి గారు, దుర్భాక రాజశేఖర శతావధాని గారు జంటగా అవధానాలు చేశారు. ఆ పిదప ఒకరు శివభారతం, మరొకరు రాణాప్రతాపసింహ చరిత్ర అనే మహాకావ్యాలు రచించారు. అదే ఊరి సి.వి. సుబ్బన్న శతావధాని గారు అవధాన విద్య చరిత్రను పరిశోధించి గ్రంథస్థం చేశారు.

అష్టావధానమంటే ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి అడిగేవారు పద్యం అక్షరం అక్షరంగా సాగుతుండగా, తరువాత రాబోయే అక్షరాన్ని ముందే ఊహించి అది వాడరాదని అడ్డుకొంటారు. సమస్య ఇచ్చేవారు అసంభవంగానో అసభ్యంగానో తోచే ఒక పాదం ఇచ్చి, మిగిలిన మూడు పాదాలతో దానిని సమంజసం చేయమంటారు. దత్తపది వారు పద్యానికి సంబంధం లేని నాలుగు పదాలిచ్చి, చెప్పిన విషయంలో ఇమడ్చమంటారు. వర్ణన, ఆశువు సరే సరి. వ్యస్తాక్షరి వారు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, సంఖ్యతో సహా మధ్యమధ్య అందిస్తుంటే అవధాని చివరకు వాక్యాన్ని కూర్చి చెప్పాలి. ఒకరు ఎప్పుడు పడితే అప్పుడు గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం వారి పని అవధాని ఏకాగ్రత చెడగొట్టడం. సభను నవ్వించేది వీరే. ఇలా నాలుగు ఆవృత్తాలు తిరిగి, ఒక్కొక్క ఆవృత్తంలో ఒక్కొక్క పాదం పూర్తి అయి, తుదకు అవధాని పద్యాలన్నీ వరుసగా ధారణ చేస్తారు. కాగితం లేదు, కలం లేదు.

చూసేవారి కన్ను అంతసేపూ అవధాని మీదనే ఉంటుంది. కాని నిషిద్ధాక్షరి అడిగేవారిని గమనించండి. తరువాతి అక్షరం ఏది రావచ్చునో ఊహించాలంటే ఆయనకు ఛందస్సు, నిఘంటువు, సంధి అన్నీ అవధానికి తెలిసినంతగానూ తెలియాలి. కవితాధార ఒక్కటే ఆయనకు లేనిది. చేతగాని పృచ్ఛకుడు కూర్చుంటే అవధాని తేలికగా గట్టెక్కుతారు, సభ మాత్రం చప్పబడుతుంది. ఈ సంగతి నాకు పుస్తకం వల్ల తెలియలేదు. పదవ తరగతిలో ఉండగా ఒక సభలో సమస్య ఇచ్చే భాగ్యం నాకు కలిగింది. ఉత్పలమాల పాదమని ధీమాగా చదివాను. అవధాని గారు వ్రేళ్ళు ముడుచుకొని లెక్కపెట్టి, “అమ్మాయీ, నీ సమస్యకే ఒక సమస్య వచ్చింది. ఇరవై అక్షరాలలో ఒకటి దారిలో జారిపోయింది. వెతికి తెచ్చి ఇవ్వు తల్లీ, పూరిస్తాను” అన్నారు. సభ ఘొల్లుమన్నది. ఆ రాత్రి మా తెలుగు మాస్టారు దీపం దగ్గర కూర్చోబెట్టి భ, ర, న, భ, భ, ర, వ గణాలు నా చేత పలక మీద ఎన్నిసార్లు వ్రాయించారో చెప్పలేను. నేను తెలుగు టీచరు కావడానికి మూలం అడిగితే ఆ జారిపోయిన అక్షరమే అని చెబుతాను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా మిశ్రా కమిషన్ విచారణ తరువాత మైసూరు రాష్ట్రంలో చేరింది. తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకొని బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప ప్రాంతాలను ఆంధ్రకు ఇవ్వవచ్చునని 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం సిఫారసు చేసినా అది అమలు కాలేదు. ఆ వాదోపవాదాలు నాకిక్కడ అక్కరలేదు. మన బడికి సంబంధించినంత వరకు జరిగింది ఇది: మద్రాసు రాష్ట్రంలో పుట్టిన పాఠశాల నడక నేర్చేలోగానే మరొక రాష్ట్రంలో ఉన్నది. పద్యసభలకు పిలవదగిన పండితులలో చాలామంది ఎల్లకు అవతల ఉండిపోయారు. బస్సు దిగితే వచ్చే ఊళ్ళే, కాని పాఠ్యపుస్తకాలు వేరు, పరీక్షలు వేరు, పండితుల నియామకాలు వేరు. పిల్లలకు తెలుగు చెవిలో వేసే పని క్రమంగా బడి ఒక్కదాని మీద పడింది.

కన్నడం మన పద్యానికి శత్రువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కందం రెండు భాషలదీ. కన్నడ చంపూకవులు కందంలో వ్రాసినవి చదివిన మన పిల్లలకు తెలుగు కందం సులువుగా పట్టుబడడం నేను తరగతిలో చూచాను. శతావధాని ఆర్. గణేశ్ గారు కన్నడంలో అవధాన విద్యకు మళ్ళీ ప్రాణం పోశారు. వారి సభకు వెళ్ళి వచ్చిన ఒక కన్నడ ఉపాధ్యాయిని నా దగ్గరకు వచ్చి, “మీ తెలుగువారి ఈ విద్యను మీ పిల్లలకు చూపించారా, మేడం?” అని అడిగారు. అప్పటికి మూడేండ్లుగా మన బడిలో ఒక్క పద్యపోటీ జరగలేదు. జవాబు చెప్పలేకపోయాను.

అంతకు ముందు మన సాహితీ సంఘం ఎంత చురుకుగా ఉండేదో పూర్వ విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. నెలకొక శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు సంఘానివే. చిన్న తరగతుల వారికి పద్యపఠనం, పెద్దవారికి సమస్య. సోమవారం నాడు నోటీసు బోర్డు మీద ఒక పాదం వ్రాసి పెడితే శనివారానికి పూరించి తేవాలి. ఆకాశవాణిలో సమస్యాపూరణం శీర్షిక విని, అక్కడికి పోస్టుకార్డులు వ్రాసే కుటుంబాలు మన ఊళ్ళో ఉండేవి. అటువంటి ఇండ్ల పిల్లలు ముందుండేవారు. ఒక సోమవారం బోర్డు మీద వ్రాసిన కందపాదం నాకు ఇప్పటికీ గుర్తున్నది. “పంతులు బడి విడిచి పాఱె బాలునిఁ గనుచున్.” అది చూచి ఉపాధ్యాయుల గదిలో కొందరు నొచ్చుకొన్నారు కూడా. పిల్లవానిని చూసి పంతులు పారిపోవడమేమిటి? శనివారం తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు లేచి, గొంతు వణుకుతుండగా ఇలా చదివాడు:

గంతులు వేయుచు నొక్కఁడు
చెంతనె యున్నట్టి చెఱువు చేరఁగఁ బోవన్
వంతను గావఁగ వేగమె
పంతులు బడి విడిచి పాఱె బాలునిఁ గనుచున్

పాఱె అంటే పారిపోయెనని మేమందరం అనుకొంటుంటే, పరుగెత్తెనని వాడు చెప్పాడు. పారినది భయంతో కాదు, బిడ్డను కాపాడడానికి. పెద్ద కవిత్వమని నేను అనను. “ఉన్నట్టి” అన్నది చోటు నింపడానికి వచ్చిన మాట అని ఆనాడే తెలుగు మాస్టారు ఎత్తి చూపారు. కాని నొచ్చుకొన్న ఉపాధ్యాయులే ముందు చప్పట్లు కొట్టారు. క్యాంబెల్ దొర చిలుక అన్నది ఇటువంటి పిల్లవానినే.

దత్తపదికి పిల్లలు తమ చుట్టూ ఉన్న మాటలే ఇచ్చేవారు. కారు, లారీ, ఆటో ఇచ్చి భారతార్థంలో చెప్పమన్నారు ఒకసారి. పాండవులు పిరికివారు కారు అంటే కారు వచ్చింది. ఏల ఆ రీతి అన్న మాటలు కలిపితే ఏలారీతి అయి అందులో లారీ దొరికింది. జూదపు ఆట ఓడి అన్నది ఆటోడి అయి ఆటో కూడా ఎక్కింది. సంధి పాఠం మూడు నెలలు చెప్పినా పట్టనిది ఆ ఒక్క మధ్యాహ్నం పట్టింది. నాలుగవ పదంగా కాఫీ ఇస్తామని కొందరు పట్టుబట్టారు. ఫీ అనే అక్షరాన్ని ఏ సంధితో సాధించాలో తెలియక దానిని మాత్రం త్రాగివేశాము.

తరువాత సంఘం ఎందుకు మందగించిందో చెప్పుకోవాలంటే ఎవరినో నిందించనక్కరలేదు. ఇంగ్లీషు మాధ్యమం వైపు తల్లిదండ్రులు మొగ్గారు, అది వారి బిడ్డల బ్రతుకుదెరువు గురించిన ఆలోచన. మనకు మిగిలిన పిల్లల సంఖ్య తగ్గింది. శనివారం మధ్యాహ్నాలు ప్రత్యేక తరగతులకు పోయాయి, అందుకు అనుమతించిన సంతకాలలో నాదీ ఉన్నది. ఫలితాలు మెరుగుపడ్డాయి. పద్యం అప్పగించగల పిల్లలు నేటికీ ఉన్నారు, కొందరు శతకం మొత్తం చెప్పగలరు. తగ్గినది అడిగేవారు. పద్యం విని, ఇక్కడ యతి సరిపోయిందా అని అడిగే పిల్లను ఒకర్తెను చూచి చాలా కాలమైంది.

కన్నడ ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న తరువాత నేను శనివారాన్ని పూర్తిగా కాకపోయినా ఒక పీరియడు వెనక్కు తెచ్చాను. గత రెండేండ్లుగా బోర్డు మీద మళ్ళీ పాదం పడుతున్నది. మొదటి నెల ఒక్కరూ పూరించలేదు. రెండవ నెల నేను పద్ధతి మార్చి, పూరించవద్దు, మీరే సమస్య ఇవ్వండి, నేను పూరిస్తాను అన్నాను. పదకొండు కాగితాలు వచ్చాయి. తొమ్మిదింట గణాలు తప్పాయి, ఒకదానిలో పాదమే లేదు, హెడ్మిస్ట్రెస్ గారికి జ్వరం ఎందుకు రాలేదు అని మాత్రం ఉన్నది. ఒక్కటి సరిగ్గా కందపాదం. వ్రాసిన అమ్మాయి ఇంట్లో కన్నడం మాట్లాడుతారు. ఆ సమస్య పూరించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఈ వజ్రోత్సవ కార్యక్రమాలలో మూడవ రోజు సాయంకాలం పాఠశాల ఆవరణలో అష్టావధానం ఏర్పాటు చేయడమైనది. ఎనిమిది మంది పృచ్ఛకులూ మన బడిలో చదివినవారే అయి ఉండాలని సంఘం తీర్మానించింది. సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం ఇవి ఆరూ ఒప్పుకొన్నవారు ఉన్నారు. గంట కొట్టేది పై చెప్పిన కందపాదపు అమ్మాయి, వాడేది మన పాత ఇత్తడి బడిగంటే. నిషిద్ధాక్షరికి, వ్యస్తాక్షరికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఛందస్సు మరచిపోయామని సంకోచించేవారు నెల రోజులు ముందుగా వస్తే సాయంకాలాలు కూర్చుని జ్ఞాపకం చేసుకోవచ్చును, నా పలక సిద్ధంగా ఉన్నది. అలాగే పాత సంఘం వారు సమస్యలూ పూరణలూ వ్రాసి ఉంచిన నల్ల అట్ట పుస్తకాలలో రెండవది గ్రంథాలయంలో కనబడలేదు. చదువుకోవడానికని ఇంటికి తీసుకొని వెళ్ళి తిరిగి ఇవ్వడం మరచినవారు ఎవరైనా ఉంటే ఆలస్యపు రుసుము అడగము, పుస్తకం పంపగోరుతున్నాను.